ఎర్ర టేపు కింద బోల్టు

తొర్రూరులో బస్సెక్కినప్పుడు సుందర్ రావుకు సీటు దొరకలేదు, ఈ రోజుల్లో బస్సులో మగవాడికి సీటు దొరకడమంటే లాటరీ తగిలినట్టే, ఆధార్ కార్డులు చేత్తో పట్టుకుని ఆడవాళ్ళంతా ముందే సర్దుకుని కూర్చున్నారు, జీరో టికెట్లు కొట్టీ కొట్టీ కండక్టరమ్మ బొటనవేలు అరిగిపోయేలా ఉంది, అతను గోనెసంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని డ్రైవరు వెనక కమ్మీకి ఆనుకుని రాయపర్తి దాటేదాకా నిలబడే వచ్చాడు, అప్పుడొకావిడ జాలిపడి జరిగి జానెడు చోటిచ్చింది. "కూసో కాకా. ఏందది, పసిపిల్లగాన్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నవ్? కాళ్ల కాడ పెట్టరాదు?" పక్కనున్నామె మల్లక్కా అని పిలిచింది గనక ఆవిడ పేరు మల్లక్క. జీపు డైనమో అని చెప్పాడు. "ఇనుపముక్కకు గింత పైలమా, నేనింకా బంగారమనుకున్న" అని ఆవిడ నవ్వింది, చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు, తనూ నవ్వబోయాడు గానీ మూతి సహకరించలేదు. కింద పెడితే కుదుపులకు దెబ్బ తగులుతుందని అన్నాడు. అబద్ధం. ఇంజిను పక్కన ఇరవై ఏళ్ళు వణికిన వస్తువుకు బస్సు కుదుపులొక లెక్కా? నిజానికి దాన్ని ఒళ్ళోంచి దించబుద్ధి కావడం లేదు, తొడలు తిమ్మిరెక్కినా సరే, దాని వెనక పంపులోంచి పాత నూనె కారి ప్యాంటు మీద నల్లటి మరక అరచేయంత పెరిగినా సరే, బరువుగానే ఉండాలనిపిస్తోంది. అరవై రెండేళ్ళ వయసులో ఇదేం పంతమో, మోయాల్సిన రోజున మోయకుండా ఇప్పుడు మోస్తే ఎవరికి లాభం అనుకుంటూ సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

చొక్కా జేబులో ఫోను, ఫోనులో దీప పంపిన ఫోటో. ఫోటో వచ్చి రెండు రోజులైంది, చూసినట్టు రెండు నీలం గీతలు కూడా ఆ పిల్లకు వెళ్ళిపోయి ఉంటాయి, ఈ నీలం గీతలు కనిపెట్టినవాడెవడో గానీ దాక్కునే చోటు లేకుండా చేశాడు. దీప, తనను అన్నా అన్నా అంటూ తిరిగే డ్రైవరు మొగిలి కూతురు. ఖిలా వరంగల్‌లో మట్టికోటకు ఆనుకుని వాళ్ళ రెండు గదుల ఇల్లు, ఇంటి పక్కన మూడేళ్ళుగా పట్టా కప్పుకుని నిలబడిన పాత జీపు, అడవి శాఖ వాళ్ళు వేలం వేస్తే మొగిలి పాడుకున్న బండి, నాలుగు చక్రాలకూ ఊపుండే రకం, ఆటోలు మొరాయించే బురదలోకి, వాగుల్లోకి పత్తి కూలీలను దింపి వచ్చిన బండి. ఇప్పుడు ఆ పిల్ల డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సు తీసుకుంది, పట్టా తీసి కడిగింది, కోట చూడవచ్చేవాళ్ళను ఎక్కించుకుని మట్టికోట గట్టు మీద చుట్టూ తిప్పుతుందట. అంతా బాగానే ఉంది, డైనమో ఒక్కటే కాలిపోయింది, వెతికిపెట్టు పెద్దబాపూ అని ఫోను చేసింది. చేసి ఊరుకుందా, బానెట్ ఎత్తి ప్రతి పైపునూ ప్రతి వైరునూ ఫోటో తీసింది, ఈ కాలం పిల్లలు. "పెద్దబాపు, ఈ పైపు మూతికి బోల్టు కొట్టి క్లిప్పు బిగించి ఉన్నది. ఎర్ర టేపు ఉన్నది, నువ్వే గద. ఇది ఎటు పోతది?" అంతే ప్రశ్న. అందులో అనుమానం లేదు, ఎత్తిపొడుపు లేదు, నేర్చుకుందామనే ఆశ తప్ప ఏమీ లేదు. అందుకే అతను జవాబు ఇవ్వలేకపోయాడు.

ఎర్ర టేపు. వరంగల్‌లో ఆటో ఎలక్ట్రీషియన్లందరూ నల్ల టేపు చుడతారు, తను ఎర్రది చుడతాడు, రెండే చుట్లు, మూడో చుట్టు చుట్టేవాడికి తన పని మీద తనకే నమ్మకం లేదని చెప్పేవాడు. ముప్పై ఐదేళ్ళలో ఆ టేపు అతని సంతకం అయిపోయింది. కొత్త మెకానిక్కులు బండి విప్పి ఎర్ర టేపు కనబడితే ఇది సుందరన్న చెయ్యి, ముట్టకండి అంటారు. డైనమో సుందరన్న. ఆ యంత్రం అసలు పేరు ఆల్టర్నేటర్, బండి నడుస్తున్నంతసేపూ బ్యాటరీని నింపే యంత్రం, కానీ పాత డ్రైవర్ల నోట డైనమో అనే పేరే బతికింది, దానితో పాటు తన పేరూ బతికింది. ఆ సంతకమే ఇప్పుడు ఆ బోల్టు మీద కూర్చుని నేనే నేనే అంటోంది. దొంగకు తేలు కుట్టినట్టుంది అతనికి, మంట ఒళ్ళంతా పాకుతోంది, అబ్బా అనడానికి లేదు.

వారం రోజులు తిరిగాడు దీనికోసం. ఆ ఇంజినుకు ఏ డైనమో పడితే అది కూర్చోదు. చెవులు రెండూ సరైన చోట ఉండాలి, పుల్లీ గాడి బెల్టుకు సరిపోవాలి, తిరిగే దిక్కు కుదరాలి, అన్నిటికంటే మించి వెనక చిన్న పంపు ఉండాలి, పిడికిలంత పంపు, డైనమో తిరిగితే అదీ తిరుగుతుంది, గాలిని పీలుస్తుంది, ఆ పీల్పు ఒక రబ్బరు పైపు వెంట పోయి బ్రేకు దగ్గరున్న డబ్బాకు చేరుతుంది, అప్పుడు బ్రేకు పెడలు మెత్తగా దిగుతుంది. పంపు లేకపోతే దీపాలు వెలుగుతాయి, హారను మోగుతుంది, బ్యాటరీ నిండుతుంది, పెడలు మాత్రం రాయిలా నిలబడుతుంది. రమాకాంత్ దుకాణంలో లేదు, కాజీపేటలో లేదు, హన్మకొండలో నాలుగు చోట్ల లేదు, కొత్తది ఆ కంపెనీ చెయ్యడమే మానేసి పదేళ్ళయింది. చివరికి తొర్రూరులో కట్టయ్య పాతసామాను దుకాణంలో, విప్పిపడేసిన బండ్ల గుట్ట వెనకాల, పత్తి గోనె బోరెం కింద దొరికింది. కట్టయ్య దాన్ని మోకాళ్ళ మధ్య పెట్టుకుని, పంపు మూతికి వేలు ఆనించమని, పుల్లీని చేత్తో గిర్రున తిప్పాడు. సుందర్ రావు బొటనవేలిని ఏదో మెల్లగా లోపలికి లాగింది. "పీల్తాంది గద? సజీవంగున్నది. పంపులేంది అగ్గువకు దొరుకుతది గని పెట్టకు కాకా, బ్రేకు పడదు, మనుషులు సస్తరు. నీకు నేన్జెప్పుడేంది, నీకు తెల్వంది గాదు." పాత ఇనుము కొనుక్కునేవాడు చెప్పాడు ఆ మాట, ఊరికే, బీడీ ముట్టించుకుంటూ. బొటనవేలు ఇంకా ఆ మూతి మీదే ఉంది. చెవులు వేడెక్కాయి, మెడ వేడెక్కింది, దిగుడుబావిలో దిగినట్టు కళ్ళ ముందు కాసేపు చీకటైంది, తెలుసు కట్టయ్యా, నాకు తెలుసు, తెలిసే కదా అని లోపల అంటూ, పైకి మాత్రం అవునవును అని తలూపి సంచి చంకన పెట్టుకుని బయటపడ్డాడు.

తెలియక చేస్తే ఎంత బాగుండేది. తెలియనివాడికి పాపం సగమే అంటారు. మూడేళ్ళ కిందట, ఆ శ్రావణ మాసంలో, ఇదే బండి డైనమో కాలిపోయి వచ్చింది, మొగిలి తెల్లారి పెళ్ళానితో నర్సంపేట దిక్కు దావత్‌కు పోవాలి, బావమరిది సదానందం ఇంట్లో. టీ కొట్టు దగ్గర పదిమంది ఉన్నారు. "కాకా, ఈ మోడలుకు డైనమో దొరకది, బండి పక్కకు పెట్టుమను" అని రమాకాంత్ అన్నాడు, నిన్నగాక మొన్న దుకాణం పెట్టినవాడు, నవ్వుతూ అన్నాడు, ఆ నవ్వు దగ్గర మొదలైంది అంతా. దొరకదా? సుందర్ రావుకు దొరకని డైనమో ఉందా ఈ వరంగల్‌లో? పొద్దుమూకే వరకు బండి నడుస్తది చూడు అన్నాడు. నోరు జారితే తీసుకోలేమని తెలిసి కూడా అన్నాడు. రెండు గంటలు వెతికి, పెట్రోలు కారు ఒకదాని డైనమో తెచ్చాడు, చెవులు సరిపోయాయి, బెల్టు సరిపోయింది, పంపు లేదు. రబ్బరు పైపు మూతి ఖాళీగా వేలాడింది. దానికొక బోల్టు దూర్చి, క్లిప్పు బిగించి, ఎర్ర టేపు రెండు చుట్లు చుట్టాడు. చుడుతున్నప్పుడే మాట సిద్ధం చేసుకున్నాడు, మొగిలికి చెప్పాల్సిన మాట, ఐదే ఐదు ముక్కలు: జర పైలం మొగిలీ, బ్రేకు గట్టిగుంటది. అంతే. వారంలో అసలుది తెచ్చేస్తాను, అప్పటిదాకా మెల్లగా నడుపు. నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే మొగిలి తాళంచెవి తిప్పాడు, ముందు లైట్లు భగ్గున వెలిగాయి, పట్టపగలు కూడా గోడ మీద తెల్లగా పడ్డాయి, టీ కొట్టు దగ్గర ఎవరో ఈల వేశారు, ఎవరో డైనమో సుందరన్నా జిందాబాద్ అన్నారు, రమాకాంత్ దండం పెట్టాడు, వేళాకోళంగానే పెట్టాడు కానీ పెట్టాడు. ఆ పదిమంది ముందు, ఇది సగం పనే, బ్రేకు సరిగా పడదు అని ఎలా చెప్పడం? చెప్పలేదు. రేపు ఫోనులో చెబుదామనుకున్నాడు. చప్పట్లకోసం, ఒరే చప్పట్లకోసం, టీ తాగే పదిమంది తీరుబడి మనుషుల చప్పట్లకోసం.

వర్ధన్నపేటలో బస్సు చాలాసేపు ఆగింది, ముందు పత్తి ట్రాక్టర్లు ఎనుమాముల మార్కెట్‌కు బారులు తీరి పోతున్నాయి, రోడ్డు పక్క తుమ్మ కొమ్మలకు పత్తి పింజెలు చిక్కుకుని ఊగుతున్నాయి. సమ్మమ్మ అయితే ఒక్క పింజె కూడా చెట్టుకు వదిలేది కాదు. మొగిలి భార్య సమ్మమ్మ, పత్తి ఏరడంలో ఆమె చెయ్యి చూడటానికే పక్క చేలవాళ్ళు ఆగేవాళ్ళు, కుడిచేయి ఒకసారి అట్లా పోయి వచ్చిందంటే కాయ ఖాళీ. ఆ కుడిచేయి ఇప్పుడు ముడుచుకోదు. దావత్ నుంచి తిరిగొస్తుంటే చెరువుకట్ట దిగే చోట మలుపులో బర్రెలు అడ్డమొచ్చాయి, మొగిలి బ్రేకు తొక్కాడు, తొక్కినా బండి ఆగలేదు, కట్ట రాళ్ళకు రాసుకుంటూ పోయింది, మొగిలి వెనక సీట్లో కుడి తలుపు మీద ఆనించి ఉన్న ఆమె చెయ్యి రాయికీ ఇనుముకూ మధ్య పడింది. నాలుగు వేళ్ళు ఉన్నాయి, ఉండీ లేనట్టే. ఆదివారం నాడు దవాఖానలో, వార్డు బయట వరండాలో, సదానందం నిలదీశాడు: "దావత్‌ల కల్లు తాగిండు. నా చెల్లె చెయ్యి నాశనం జేసిండు." మొగిలి గోడకు కూలబడి ఒకటే మాట, "ఒక్క లొట్టె తాగిన బావా, ఒక్కటే. గని బ్రేకు తొక్కిన, ఒట్టు, తొక్కిన. రాయి లెక్క ఉండె. నిన్నటి సంది జర గట్టిగనే ఉండె, సుందరన్న చెయ్యి వడ్డ బండి గద, ఏం గాదనుకున్న." తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, అట్లాంటిది నిజంగా కల్లు తాగినవాడి మాట ఎవరు వింటారు? అందరూ సుందర్ రావు వైపు తిరిగారు. నువ్వు చెప్పన్నా, అట్లయితదా, అని సదానందం అడిగాడు. దీప కూడా చూస్తోంది, తల్లి రక్తం అంటిన ఓణీతో. అప్పుడు అతని నోట్లోంచి వచ్చింది, తడుముకోకుండా, చదువుకున్నవాడి గొంతుతో: "బ్రేకుకు, డైనమోకు ఏం సంబంధం? నేను చేసింది డైనమో."

ఏం సంబంధం. ఆ మాటను మూడేళ్ళుగా పళ్ళు తోముకుంటున్నప్పుడు విన్నాడు, వైరు తీస్తున్నప్పుడు విన్నాడు. అందరూ తలలూపారు. మొగిలి కూడా తలూపాడు, అదే, అదే మరిచిపోలేనిది, తన కాలు చెప్పిన నిజం కంటే సుందరన్న నోరు చెప్పిన అబద్ధాన్ని నమ్మి తలూపాడు. ఆ రోజు నుంచి కల్లు ముట్టలేదు, బండి ముట్టలేదు, ఎనుమాములలో పత్తి బోరాలు మోస్తున్నాడు, ఎక్కడికి పోయినా సైకిలే. సమ్మమ్మ అతనికి అన్నం పెడుతుంది, మాట్లాడదు. దీప బాపూ అని పిలవడం మానేసింది. ఏదన్నా చెప్పాలంటే ఆయనకు చెప్పమ్మా అంటుంది, ఎదురుగా నిలబడిన మనిషిని ఆయన అంటుంది. తనను మాత్రం పెద్దబాపూ అని నోరారా పిలుస్తుంది, దవాఖాన ఖర్చులకు చందా పోగుచేసిన పెద్దబాపు, చెయ్యి విరిగిన ఇంటికి నెలనెలా సన్నబియ్యం పంపే పెద్దబాపు. మంచితనం అనుకుంటున్నారు వాళ్ళు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమని ఎవరికి తెలుసు.

ఒక్క దీనమ్మకు ఏదో వాసన తగిలింది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఏ భార్యకు తగలదు? నెలలో మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం, బల్లలో చెయ్యి వేసేముందు అయ్యగారు ఒక నిమిషం కళ్ళు మూసుకోమంటారు, ఎవరి మనసులో ఎవరి మీద తప్పుందో సరిచేసుకుని రమ్మంటారు. ఆ నిమిషం తట్టుకోలేక అతను మొదటి ఆదివారాలన్నీ ఎగ్గొడుతున్నాడు, పరకాలలో బండి ఆగిందని, స్టేషన్ ఘన్‌పూర్‌లో లారీ ఆగిందని. "సిత్రమే మరి. ఊళ్లె బండ్లన్నీ నెలకు ఒక్కసారే ఆగుతయ్, అది గూడ మొదటి ఆదివారమే ఆగుతయ్" అంది దీనమ్మ పోయిన నెల, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, మొహం చూడకుండా. చేసిన పాపం చెబితే పోతుందట. చెప్పినవాడికి పోతుందేమో, సమ్మమ్మ వేళ్ళు ముడుచుకుంటాయా? ఇట్లా తర్కం తీసి తీసి మూడేళ్ళు గడిపాడు. తర్కానికేం, పిరికివాడికి ఎంతైనా దొరుకుతుంది.

ఇల్లంద దాటింది బస్సు, పున్నేలు క్రాసు వచ్చింది. ఇప్పుడు కూడా దారి ఉంది కదా అని మనసు మూల నుంచి ఒక గొంతు అంటోంది, టీ కొట్టు దగ్గరి గొంతే. కొత్తది బిగిస్తావు, పాత టేపు కోసి పారేస్తావు, బోల్టు జేబులో వేసుకుంటావు, దీప అడిగితే అది పాతకాలపు పైపు బిడ్డా, ఏదో గాలి పైపు, ఇప్పుడు అవసరం పడ్డది అంటావు. నమ్ముతుంది. వాళ్ళు నమ్ముతారు, నమ్మడమే వాళ్ళ జబ్బు. ఫోను తీశాడు. "అది బ్రేకు పైపు బిడ్డా" అని కొట్టాడు, తుడిచేశాడు. "వచ్చి చెప్తా" అని కొట్టాడు, తుడిచేశాడు. మల్లక్క ఫోనులోకి తొంగిచూస్తూ, "ఎవలకు కాకా, ఇంట్ల మా కాకికా?" అంది కొంటెగా, తల అడ్డంగా ఊపాడు. "మరి గట్ల సెమటలేంది? చలికాలమాయె." కిటికీ తెరిచింది ఆమె. చల్లటి గాలి వచ్చి మొహానికి కొట్టింది, గాలిలో పత్తి వాసన, డీజిల్ వాసన, తన ఒడిలోంచి పాత నూనె వాసన. మామునూరులో మల్లక్క దిగిపోతూ, పైలం కాకా నీ బంగారం అంది. ఊళ్ళో ఎవరు ఎవరితో విడిపోయినా అనే మాటే అది, పైలం, జాగ్రత్త అని, ముసలివాళ్ళతో అంటారు, పసివాళ్ళతో అంటారు, రూపాయి ఖర్చు లేని మాట, దారిన పోయే మల్లక్క అనగలిగింది, ఆ రోజు తను అనలేకపోయాడు.

రంగశాయిపేటలో దిగేసరికి మొగిలి నిలబడి ఉన్నాడు, సైకిలుతో. రమ్మని చెప్పలేదే. "నువ్వు మొయ్యకన్నా, ఇటియ్యి. బరువుంటదని దీప చెప్పింది... అంటే వాళ్ళమ్మకు చెప్పంగ ఇన్న" అని సంచి లాక్కుని క్యారియరు మీద పెట్టి తాడు కట్టాడు. ప్యాంటు మీద మరక చూసి తన తువ్వాలతో తుడవబోయాడు, సుందర్ రావు చటుక్కున వెనక్కి జరిగాడు. సైకిలు నెట్టుకుంటూ ఇద్దరూ కోట దిక్కు నడిచారు. మొగిలి జుట్టు తెల్లబడింది, బోరాలు మోసి మోసి ఒక భుజం కిందికి దిగింది. రాతికోట దర్వాజ కిందికి రాగానే, నీడలో, మొగిలి అన్నాడు: "నీ అసుంటి మనిషి ఉంటడాన్నా. తాగి బండి పాడుజేసింది నేను, తొర్రూరు దాక తిరిగేది నువ్వు." చెప్పు, ఇప్పుడే చెప్పు అని కాళ్ళు ఆగాయి, మొగిలి ఆగలేదు, సైకిలు చక్రం టకటకమంటూ ముందుకు పోయింది, మళ్ళీ నడవాల్సొచ్చింది. సిగ్గు అనేది మొహం మీద ఉంటుందనుకుంటారు గానీ అది కాళ్ళలో ఉంటుంది, అడుగు తీసి అడుగు వెయ్యనియ్యదు.

జీపు కడిగి ఉంది, బానెట్ ఎత్తి ఉంది. సమ్మమ్మ గడపలో కూర్చుని ఎడమచేత్తో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది, కుడిచేయి ఒళ్ళో ఊరికే పడుకుని ఉంది. దీప ఉరికొచ్చి, "పెద్దబాపూ, చూసినవు గని జవాబియ్యకపోతివి, ఇది ఎటు పోతది?" అని ఎర్ర టేపు మీద వేలు పెట్టింది. ముందు బిగించనీ బిడ్డా అన్నాడు. బిగించాడు. పాతది విప్పడం, చెవులకు బోల్టులు వెయ్యడం, బెల్టు లాగి సరిచూడడం, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, ముప్పై ఐదేళ్ళ చేతులు, వాటికి సిగ్గు తెలియదు. చివరికి పైపు దగ్గరికొచ్చాడు. బ్లేడుతో టేపు కోశాడు, క్లిప్పు వదులు చేశాడు, బోల్టు తుప్పుపట్టి రాలేదు, తిప్పి తిప్పి లాగితే పుటుక్కున ఊడి అరచేతిలో పడింది. పైపును పంపు మూతికి ఎక్కించాడు. దీప సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పింది, ఇంజిను పొగ వదిలి, దగ్గి, అందుకుంది. ఆమె కాళ్ళు పెడళ్ళ మీద కదిలాయి. "అరే, బ్రేకు మెత్తగైంది! నిన్నటిదాక రాయి లెక్క ఉండె."

మొగిలి తల ఎత్తాడు. రాయి లెక్క. ఆ మాట ఈ ఇంట్లో మూడేళ్ళుగా ఎవరూ అనలేదు, ఆ రోజు దవాఖానలో అన్న ఒక్కడూ తనే. మెల్లగా వచ్చి, చెప్పులు విడిచి, కూతురిని జరగమని సైగ చేసి, మూడేళ్ళ తర్వాత ఆ సీట్లో కూర్చున్నాడు. పెడలు తొక్కాడు, మెత్తగా దిగింది. ఇంజిను ఆపాడు. పాత డ్రైవరు కాలు, దానికి తెలుసు ఏం చెయ్యాలో. ఇంజిను ఆగాక ఒకసారి తొక్కాడు, దిగింది. రెండోసారి, సగం దిగింది. మూడోసారి లోపలి పీల్పు అయిపోయింది, పెడలు కదల్లేదు. తొక్కి పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు, తొడ వణుకుతోంది. "గిదే" అన్నాడు. "అన్నా, గిట్లనే ఉండె ఆ రోజు." అని సుందర్ రావు వైపు చూశాడు, కోపంగా కాదు, దవాఖాన వరండాలో చూసినట్టే, సాక్ష్యం చెప్పమని.

"జర పైలం మొగిలీ, బ్రేకు గట్టిగుంటది" అన్నాడు సుందర్ రావు.

మొగిలికి అర్థం కాలేదు. "ఇప్పుడు మంచిగనే ఉన్నది గదన్నా."

"ఇప్పటి మాట గాదు. ఆ రోజు చెప్పాల్సిన మాట. పంపులేని డైనమో పెట్టిన. బ్రేకు పడదని నాకు ఎరికే. మందిల ఇజ్జత్ పోతదని చెప్పలే. దవాఖానల గూడ ఎరికుండే ఏం సంబంధమన్న. నీ కాలు తప్పు లేదు మొగిలీ. కల్లు తప్పు లేదు. నేనే." చిక్కుడుకాయల చప్పుడు ఆగింది. ఎక్కడో కోట దగ్గర పిల్లలెవరో ఫోటోల కోసం అరుస్తున్నారు. తిడతారనుకున్నాడు, తిట్టాలని కోరుకున్నాడు, మొగిలి దిగి వచ్చి చెంప మీద కొడితే మోకాళ్ళ మీద పడి బతికిపోదామనుకున్నాడు. మొగిలి అసలు అతన్ని చూడనే లేదు. గడప వైపు తిరిగి, పిల్లవాడి గొంతుతో, "సమ్మా, ఇగరా, ఒక్కసారి రా, నువ్వొచ్చి తొక్కి సూడు" అని పిలిచాడు.

సమ్మమ్మ లేచింది, ఒళ్ళోని కాయలు నేల మీద పడ్డాయి. ఎడమచేత్తో తలుపు పట్టుకుని ఎక్కి, మొగిలి జరిగిన చోట కూర్చుని, పెడలు మీద పాదం పెట్టి తొక్కింది. కదల్లేదు. రెండు పాదాలూ పెట్టి తొక్కింది. కదల్లేదు. తొక్కుతూనే ఉంది, మొగిలి ఆమె ముడుచుకోని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు, ఆమె తీసుకోనిచ్చింది. "తొక్కినవు మరి" అంది, అంతే అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"బాపూ" అంది దీప. మూడేళ్ళ తర్వాత ఆ పిలుపు నోటికి కొత్తగా ఉన్నట్టు ఆగి, మళ్ళీ అంది, "బాపూ, తాళంచెవి నీ కాడనే ఉంచుకో." తర్వాత సుందర్ రావు వైపు తిరిగింది. చూపులో ఏడుపు లేదు, కోపం కూడా ఇంకా రాలేదు, తెలియని ఊళ్ళో తెలియని మనిషిని చూసినట్టు చూసింది, చూసి అరచెయ్యి చాపింది.

"ఆ బోల్టు ఇటియ్యి."

పెద్దబాపూ అనలేదు. అతను బోల్టును ఆమె చేతిలో పెట్టాడు.